పాలపిట్ట ఎవరి వాటాకు వచ్చింది: రెండు తెలుగు రాష్ట్రాల అధికారిక చిహ్నాలు

2014లో పార్లమెంటు ఆమోదించిన ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం అప్పులు, ఆస్తులు, ఉద్యోగులు ఎలా పంపకం కావాలో చెప్పింది. కృష్ణా, గోదావరి నదుల నీటి పర్యవేక్షణకు బోర్డులను ఏర్పాటు చేసింది. ప్రభుత్వ కార్పొరేషన్లను తొమ్మిదో షెడ్యూలులో, శిక్షణ సంస్థల వంటివాటిని పదో షెడ్యూలులో చేర్చింది. హైదరాబాదును పదేళ్లకు మించకుండా ఉమ్మడి రాజధానిగా ఉంచింది. ఇంత వివరంగా రాసిన ఆ చట్టంలో, ఉమ్మడి రాష్ట్రానికి దశాబ్దాల పాటు గుర్తులుగా నిలిచిన పాలపిట్ట, కృష్ణజింక, వేపచెట్టు, కలువపువ్వు, పూర్ణకుంభం ఎవరికి చెందుతాయన్న ప్రస్తావన ఎక్కడా లేదు. అది పొరపాటు కాదు. రాష్ట్ర చిహ్నాలు మన చట్టాల దృష్టిలో ఆస్తులు కావు, కాబట్టి వాటికి పంపకమూ ఉండదు. అయినా ఆ తర్వాతి పదేళ్లలో రెండు రాష్ట్రాలూ ఏ చిహ్నాన్ని ఉంచుకున్నాయి, దేన్ని వదిలాయి, దేన్ని కొత్తగా తెచ్చుకున్నాయి అన్నది వరుసగా చూస్తే, ఆస్తుల పట్టికల్లో కనబడని ఒక పంపకం మాత్రం నిజంగానే జరిగిందని అర్థమవుతుంది.

ముందుగా ఈ చిహ్నాలకు ఉన్న చట్టబలం ఎంతో చూడాలి. రాష్ట్ర పక్షి, రాష్ట్ర వృక్షం, రాష్ట్ర గీతం వంటివి ఉండాలని రాజ్యాంగం ఎక్కడా చెప్పలేదు. ఇవి రాష్ట్ర ప్రభుత్వం జారీ చేసే ఉత్తర్వుతో పుడతాయి, మరో ఉత్తర్వుతో మారిపోతాయి. జాతీయ పతాకాన్ని, జాతీయ గీతాన్ని అవమానించడాన్ని నేరంగా చూసే 1971 నాటి చట్టం రాష్ట్ర గీతాలకు వర్తించదు. ఈ తేడా తమిళనాడులో స్పష్టంగా బయటపడింది. తమిళ తల్లి ప్రార్థనా గీతం పాడేటప్పుడు లేచి నిలబడాలన్న ఉత్తర్వేదీ లేదని 2021 డిసెంబరులో మద్రాసు హైకోర్టు చెప్పిన కొద్ది రోజులకే, ఆ రాష్ట్ర ప్రభుత్వం దాన్ని రాష్ట్ర గీతంగా ప్రకటించి, పాడేటప్పుడు నిలబడాలని ఉత్తర్వు ఇచ్చింది. అంతవరకు ఆ గీతాన్ని దశాబ్దాలుగా నిలబెట్టింది జనంలో ఉన్న గౌరవమే.

రాజముద్ర సంగతి వేరు. నాలుగు సింహాల జాతీయ చిహ్నం సారనాథ్‌లోని అశోక స్తంభ శిఖరం నుంచి తీసుకున్నది. 1950 జనవరి 26న దాన్ని దేశం స్వీకరించింది. దాని దుర్వినియోగాన్ని నిషేధిస్తూ 2005లో కేంద్రం ప్రత్యేక చట్టం చేసింది, 2007లో వినియోగ నియమాలు తెచ్చింది. ఏ రాష్ట్రమైనా తన ముద్రలో ఈ సింహాలను చేర్చుకోవాలంటే కేంద్రం నుంచి ముందే అనుమతి తీసుకుని, నమూనాను కూడా ఆమోదింపజేసుకోవాలి. చట్టాన్ని మీరి చిహ్నాన్ని వాడితే రెండేళ్ల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పదవి పోయిన మంత్రులు, మాజీ శాసనసభ్యులు తమ లెటర్‌హెడ్ల మీద దీన్ని అచ్చు వేసుకోవడం కూడా నిషిద్ధమే. కార్ల అద్దాల మీద, విజిటింగ్ కార్డుల మీద ఈ సింహాలు ఎంత విచ్చలవిడిగా కనిపిస్తాయో గమనించినవారికి ఈ నియమం ఎంత తక్కువగా అమలవుతోందో వేరే చెప్పనక్కర్లేదు. ఏమైనా, పక్షినీ పువ్వునూ రాష్ట్రం తన ఇష్టం మేరకు మార్చుకోవచ్చు గాని, సింహాలున్న రాజముద్ర మారాలంటే ఢిల్లీ గడప తొక్కక తప్పదు.

తెలంగాణ ఏర్పడిన 2014 జూన్ 2నే, ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన కె. చంద్రశేఖరరావు తొలి సంతకం చేసిన దస్త్రం రాష్ట్ర రాజముద్రది. చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ రూపొందించిన ఆ ముద్రలో, వలయాకారంలో, ఓరుగల్లు కోటలోని కాకతీయ కళాతోరణం, దాని నడుమ చార్మినార్ ఉన్నాయి. పైన నాలుగు సింహాలు, చుట్టూ తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ అక్షరాలు. అదే ఏడాది నవంబరులో మిగతా నాలుగు చిహ్నాలు వచ్చాయి. పాలపిట్ట రాష్ట్ర పక్షి, జింక రాష్ట్ర జంతువు, జమ్మి రాష్ట్ర వృక్షం, తంగేడు రాష్ట్ర పుష్పం.

ఈ ఎంపికలో ఒక పొందిక ఉంది. నాలుగింటిలో మూడు ఒకే రుతువుకు, ఒకే పండుగ వరుసకు చెందినవి. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై సద్దుల బతుకమ్మ దాకా సాగే తొమ్మిది రోజుల్లో తంగేడు లేకుండా బతుకమ్మ పేర్చరు. గునుగు ఎంత ఉన్నా, బంతి, చామంతి ఎన్ని తెచ్చినా, ఆ పసుపురంగు తంగేడు వరుస పడితేనే బతుకమ్మకు నిండుదనం వస్తుంది. ఆ తర్వాత వచ్చే దసరా నాడు ఊరి బయట జమ్మిచెట్టుకు పూజ చేస్తారు. అజ్ఞాతవాసానికి వెళ్లే ముందు పాండవులు తమ ఆయుధాలను దాచింది ఈ చెట్టు మీదే అన్న కథను తలచుకుంటూ ఆకును కోసుకొస్తారు. ఆ ఆకును ‘బంగారం’ అని పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కడం, సాటివారికి ఇచ్చి అలాయ్ బలాయ్ తీసుకోవడం తెలంగాణ పల్లెల్లో దసరాకు ప్రాణం. జమ్మి దగ్గరకు పోయే దారిలోనో, తిరిగి వచ్చే దారిలోనో పాలపిట్ట కనిపిస్తే ఏడాదంతా మంచి జరుగుతుందని నమ్మకం.

అంటే ప్రభుత్వం ఇక్కడ కొత్తగా ఏదీ నాటలేదు. జనం అప్పటికే ఏటా తలచుకుంటున్న మూడింటికి ముద్ర వేసింది. తంగేడు ఎంపికలో మరో మంచి సంగతి కూడా ఉంది. అది తోటల్లో పెంచే పువ్వు కాదు, మార్కెట్లో ధర పలికే పువ్వూ కాదు. గట్ల మీద, చెలకల్లో, రాళ్ల నేలలో దానంతట అదే పెరిగే పొద. నీళ్లు తక్కువైన నేల దాని చోటు. దాని బెరడును తరతరాలుగా తోళ్లు పదును చేయడానికి వాడారు. తోలుపని చేసేవారు తోళ్లు నానబెట్టే తొట్టి దగ్గర నుంచి గౌరమ్మ పళ్లెం దాకా ఒకే మొక్క నడిచి వచ్చిందన్నది మరవకూడని విషయం. రాష్ట్ర పుష్పం గురించి చెప్పేటప్పుడు బతుకమ్మను మాత్రమే చెప్పి ఈ రెండో సగాన్ని వదిలేయడం ఆ మొక్కకు, దానితో బతికిన చేతులకు అన్యాయం.

జమ్మి తెలంగాణ ఒక్కదాని సొంతం కాదు. ఇదే చెట్టును రాజస్థాన్ ఖేజ్రీ పేరుతో తన రాష్ట్ర వృక్షంగా ఎంచుకుంది. పాలపిట్ట కర్ణాటకకూ, ఒడిశాకూ కూడా రాష్ట్ర పక్షే. ఒకే చిహ్నాన్ని ఇద్దరు పెట్టుకోకూడదన్న నియమం ఎక్కడా లేదు. ఆంధ్రప్రదేశ్ 2018లో తీసుకున్న నిర్ణయాన్ని అర్థం చేసుకోవడానికి ఈ మాట అవసరం. విభజన తర్వాత నాలుగేళ్ల పాటు ఉమ్మడి రాష్ట్ర చిహ్నాలతోనే సాగిన ఆంధ్రప్రదేశ్, 2018లో వేపను, కృష్ణజింకను ఉంచుకుని, పాలపిట్ట స్థానంలో రామచిలుకను, కలువ స్థానంలో మల్లెను తెచ్చింది. తెలంగాణ ఎంచుకుంది కాబట్టి పాలపిట్టను వదలాల్సిన చట్టపరమైన అగత్యం ఏదీ లేదు. కోనసీమ కరెంటు తీగల మీదా, రాయలసీమ మెట్ట చేలల్లోనూ పాలపిట్ట కూర్చునే ఉంది. దసరా నాడు దాన్ని చూడాలన్న ఆచారం ఆంధ్ర వైపునా ఉంది. అయినా వదులుకున్నారంటే, చిహ్నం పని పోలిక చెప్పడం కన్నా తేడా చూపడమే అన్న భావన ఆ సమయంలో బలంగా ఉందని అనుకోవాలి. విడిపోయిన కొత్తలో ఆ భావన సహజమే కావచ్చు, కానీ ఒక పక్షి విషయంలో అది అనవసరమైన త్యాగం.

మల్లె విషయంలో మాత్రం ఎంపిక గట్టిది. శంకరంబాడి సుందరాచారి 1942లో వచ్చిన ‘దీనబంధు’ సినిమా కోసం రాయగా టంగుటూరి సూర్యకుమారి గొంతులో ఊరూరా వినిపించిన ‘మా తెలుగు తల్లికి’ పాట తొలి పాదంలోనే తల్లి మెడలో మల్లెపూదండ వేసింది. అంతకాలం గీతంలో మల్లె, అధికార పట్టికలో కలువ ఉండేవి. 2018 ఉత్తర్వుతో పాటా పట్టికా ఒకటయ్యాయి. కలువకు తెలుగు కవిత్వంలో ఉన్న చోటు చిన్నది కాదు, కానీ తెలుగు ఇంట్లో సాయంత్రం పూట జడలోకి చేరేది మల్లెపువ్వే. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఇప్పటికీ పాత పుస్తకాల్లో కలువనూ, కొత్త పుస్తకాల్లో మల్లెనూ చూసి తికమకపడుతున్నారు. మార్పు ఎప్పుడు జరిగిందో తేదీతో సహా చెప్పి, పాత జాబితాను పాతదిగా గుర్తించడం పుస్తకాలు అచ్చు వేసేవారు చేయవలసిన కనీసపు పని.

కృష్ణజింక, జింక అన్న రెండు మాటల మధ్య తేడా కూడా చాలామందికి స్పష్టంగా లేదు. తెలంగాణ జంతువు చుక్కల దుప్పి. దాని కొమ్ములు కొమ్మలు కొమ్మలుగా చీలి ఉంటాయి, ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింక కొమ్ములు చీలవు, రాలవు, మెలి తిరిగి పైకి సాగుతాయి. ఆవులు, మేకలు చెందిన కుటుంబానికి కృష్ణజింక చెందితే, దుప్పి మరో కుటుంబానికి చెందుతుంది. ఒకటి గడ్డి మైదానాల జంతువు, రెండోది అడవి నీడ కోరుకునేది. కృష్ణసారం, అంటే కృష్ణజింక, తిరిగే నేల యజ్ఞానికి తగిన నేల అని మనుస్మృతి చెప్పింది. ఉపనయనంలో వటువు ధరించే కృష్ణాజినం దీని చర్మమే. పంజాబ్, హర్యానాలకు కూడా ఇదే రాష్ట్ర జంతువు.

రాజముద్రల విషయానికి వస్తే, వివాదం అక్కడే ఎక్కువగా నడిచింది. 2024లో తెలంగాణలో ప్రభుత్వం మారాక, ముందుగా మార్చిలో వాహనాల నమోదు సంకేతం టీఎస్ నుంచి టీజీగా మారింది. అందెశ్రీ రాసిన ‘జయ జయహే తెలంగాణ’ కీరవాణి సంగీతంతో జూన్ 2న రాష్ట్ర గీతంగా ఆవిష్కృతమైంది. డిసెంబరు 9న సచివాలయంలో తెలంగాణ తల్లి కొత్త విగ్రహం వచ్చింది. పాత రూపంలో ఉన్న కిరీటం కొత్తదానిలో లేదు. ఆకుపచ్చ చీర, చేతిలో పంట కంకులు, అభయహస్తంతో అది పల్లె స్త్రీ రూపానికి దగ్గరగా ఉంది. ఇవన్నీ జరిగాయి గాని రాజముద్ర మాత్రం మారలేదు. కాకతీయ తోరణమూ చార్మినారూ రాచరికపు ఆనవాళ్లనీ, ప్రజాస్వామ్య రాష్ట్రానికి అమరవీరుల స్తూపం వంటి గుర్తు ఉండాలనీ ప్రభుత్వ పక్షం వాదించింది. ఓరుగల్లులోనూ, చార్మినార్ దగ్గరా నిరసనలు జరిగాయి. కొత్త ముద్ర ఆవిష్కరణ వాయిదా పడింది.

ఈ వాదన తేలిగ్గా కొట్టివేయదగ్గది కాదు. రాష్ట్రం కోసం ప్రాణాలిచ్చినవారి గుర్తు రాజముద్రలో ఉండాలన్న కోరిక న్యాయమైనదే. కానీ రాజులు కట్టించారన్న ఒక్క కారణంతో కట్టడాన్ని తీసివేయాలంటే, ఆ ముద్ర పైభాగంలోనే ఉన్న నాలుగు సింహాలను ఏం చేయాలన్న ప్రశ్న ఎదురవుతుంది. అవి కూడా ఒక చక్రవర్తి నిలబెట్టిన స్తంభానివే. గణతంత్రం వాటిని తీసుకున్నప్పుడు అశోకుడి అధికారాన్ని తీసుకోలేదు, ఆయన వదిలి వెళ్లిన ధర్మచక్రాన్ని తీసుకుంది. తోరణం కూడా అంతే. ఓరుగల్లు కోట నడిబొడ్డున స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నిలిపిన నాలుగు తోరణాలివి. 1323లో కాకతీయుల పాలన ముగిసింది, ఆలయం శిథిలమైంది, తోరణాలు మాత్రం నిలిచాయి. వాటిని రాజుల గుర్తుగా కాక ఒక పతనం తర్వాత కూడా మిగిలిన పనితనపు గుర్తుగా జనం చూస్తూ వచ్చారు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన చార్మినార్‌ను ఆ తోరణం నడుమ నిలపడంలో ఉన్న ఆలోచన మరింత విలువైనది. వేర్వేరు కాలాలకు, వేర్వేరు మతాల ఏలికలకు చెందిన రెండు కట్టడాలు ఒకే వలయంలో ఒకదానికి ఒకటి చోటు ఇచ్చాయి. ముద్రను మార్చాలనుకునేవారు ఈ ఇరుగుపొరుగు అర్థాన్ని మరో రూపంలోనైనా నిలబెట్టగలగాలి.

ఆంధ్రప్రదేశ్ ముద్రలో రాజు లేడు. 2018 నవంబరులో ప్రకటించిన ముద్ర మధ్యలో అమరావతి శిల్పశైలిలోని పూర్ణఘటం ఉంది. దాని చుట్టూ ధర్మచక్రం, బుద్ధుడు, ధర్మం, సంఘం అనే మూడింటికి గుర్తైన త్రిరత్నాల వరుస, మూడు వలయాలుగా పూసలు ఉన్నాయి. లోపలి వలయంలో 48, నడిమి వలయంలో 118, బయటి వలయంలో 148. కుండ మెడకు ఇరువైపులా కుచ్చులున్న వస్త్రం వేలాడుతుంది. ఉమ్మడి రాష్ట్ర ముద్రలోనూ పూర్ణకుంభమే ఉండేది గనుక ఇది కొత్త గుర్తు కాదు, పాత గుర్తును దాని మూలరూపానికి దగ్గరగా తీసుకువెళ్లే ప్రయత్నం. గృహప్రవేశంలో కలశంగా, ఆలయాల్లో స్వాగతంగా ప్రతి తెలుగువాడికీ తెలిసిన పూర్ణకుంభానికి, అమరావతిలో కృష్ణ ఒడ్డున ఉన్న బౌద్ధ మహాచైత్యం, అంటే మహాస్తూపం, పలకల మీద పద్మాలు పొంగిపొరలే పూర్ణఘటం పూర్వీకురాలు. ఆ పలకల్లో ఎక్కువ భాగం ఇప్పుడు అమరావతిలో లేవు. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోనూ, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. ఒక రాష్ట్రం తన ముద్రగా ఎంచుకున్న శిల్పకళకు ఉత్తమ నమూనాలను చూడాలంటే ఆ రాష్ట్రపు బిడ్డలు పొరుగు రాష్ట్రానికో పరదేశానికో వెళ్లవలసి రావడం మనసును కలచివేసే సంగతి.

ఆ చైత్యాన్ని నిలబెట్టినవారి పేర్లు రాళ్ల మీదే ఉన్నాయి. అమరావతి శాసనాల్లో వర్తకులు, గృహిణులు, భిక్షువులు, భిక్షుణులు తమ తమ దానాలను చెక్కించుకున్నారు. వాటిలో ఒకటి ఈ చర్చకు నేరుగా సంబంధించినది. ఉపాధ్యాయుడైన నాగుని కొడుకు, చర్మకారుడు విధికుడు, తన తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, పిల్లలతో కలిసి ఒక పలకను దానం చేశాడని ఆ శాసనం చెబుతుంది. ఆ పలకను అది పిలిచిన పేరు పూర్ణఘటపు పలక. ఇవాళ సచివాలయం పంపే ప్రతి ఉత్తర్వు మీదా అచ్చయ్యే గుర్తును సుమారు రెండు వేల ఏళ్ల క్రితం తోలుపని చేసుకునే ఒక కుటుంబం తన సొమ్ముతో చెక్కించి చైత్యానికి సమర్పించింది. రాచరికపు ఆనవాళ్లు, ప్రజల ఆనవాళ్లు అన్న చర్చలో ఇంతకంటే బలమైన సాక్ష్యం దొరకదు. పాఠ్యపుస్తకాల్లో రాజముద్ర బొమ్మ పక్కన విధికుడి పేరు కూడా ఉండాలి.

రాతి గుర్తులకు కాపలా పెడితే సరిపోతుంది. ప్రాణమున్న గుర్తుల సంగతి అలా కాదు. దేశంలోని పక్షుల స్థితిపై 2023లో వెలువడిన నివేదిక, 30 శాతానికి మించి తగ్గిపోయినందున అంతర్జాతీయ ముప్పు జాబితాలో మళ్లీ పరిశీలించాలని సూచించిన పక్షుల్లో పాలపిట్ట ఒకటి. పాలపిట్ట పురుగులను తిని బతికే పక్షి. బయటి నేలలు, బీళ్లు, పాత చెట్ల తొర్రలు దానికి కావాలి. పురుగుమందులు పెరిగి, బీళ్లు తరిగి, తొర్రలున్న చెట్లు పడిపోతే దానికి తిండీ గూడూ రెండూ పోతాయి. దీనికి తోడు దసరా శకునం కోసం దాన్ని పట్టి, కాళ్లు కట్టి, పంజరంలో పెట్టి, డబ్బులు తీసుకుని చూపించేవారు నగరాల్లో తయారయ్యారు. పక్షిని బంధించి చూపిస్తే అది శకునం ఎలా అవుతుందో చూసేవారే ఆలోచించాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం కూడా. రామచిలుకదీ ఇదే గతి. చిలకజోస్యం పెట్టెల్లోనూ, ఇళ్ల వసారాల్లోనూ రాష్ట్ర పక్షి రెక్కలు కత్తిరించుకుని కూర్చుంటోంది. గత జన్మలో చిలుకను పంజరంలో ఉంచిన పాపానికే భద్రాచల రామదాసు పన్నెండేళ్లు గోల్కొండ చెరలో మగ్గాడన్న కథను తరతరాలుగా చెప్పుకుంటున్న జనం, చిలుకను పంజరంలో చూసి ముచ్చటపడటం వింతే.

ఈ రెండు పక్షుల మధ్య రైతు దృష్టిలో తేడా ఉంది. పాలపిట్ట చేలో మిడతలనూ పురుగులనూ ఏరుకుంటుంది. చిలుకల గుంపు జొన్నకంకి మీదా జామతోట మీదా వాలితే మంచె మీద నుంచి వడిసెల తిప్పక తప్పదు. అందుకే చిహ్నంగా ప్రకటించడంతో పని పూర్తికాదు. ఆ జీవి వల్ల నష్టపోయేవారికి పరిహారం, దానికి కావలసిన నేలకు రక్షణ కూడా ఆ ఉత్తర్వుతో పాటే రావాలి. రెండు రాష్ట్రాల ఉత్తర్వులూ పేర్లు ప్రకటించాయి గాని ఈ బాధ్యతల దాకా రాలేదు.

కృష్ణజింక విషయంలో ఆ లోటు మరీ బాగా కనిపిస్తుంది. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం గుర్తుగా 1975లో ఏర్పడిన హరిణ వనస్థలి ప్రధానంగా కృష్ణజింకల కోసం ఉద్దేశించిన చోటు. అది ఉన్నది హైదరాబాదు వనస్థలిపురంలో, విజయవాడకు వెళ్లే జాతీయ రహదారి పక్కన. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువుకు పేరుపడ్డ ఆశ్రయం తెలంగాణ రాజధానిలో ఉందన్నమాట. మరింత పడమరన, కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టే నారాయణపేట జిల్లాలో, కంచెలు లేని స్వేచ్ఛలో తిరిగే కృష్ణజింకల మందలు ఏటా చేల మీద పడుతున్నాయి. మొలక దశలోనే పంట పోతోందని అక్కడి రైతులు ఏళ్లుగా మొర పెట్టుకుంటున్నారు. చట్టంలో అత్యున్నత రక్షణ ఉన్న జంతువు కనుక వాళ్లు దాన్ని తాకలేరు, తాకాలనీ కోరడం లేదు. మందలను గడ్డినేలలకు తరలించాలనీ, పోయిన పంటకు లెక్కగట్టి డబ్బు ఇవ్వాలనీ మాత్రమే అడుగుతున్నారు. తెల్లవారుజామున విత్తిన చేను గట్టు మీద నిలబడి డబ్బా మోగిస్తున్న ఆ రైతుకు, ఎదురుగా ఉన్న మంద తన రాష్ట్రపు గుర్తా, పక్క రాష్ట్రపు గుర్తా అన్న ప్రశ్నతో పనిలేదు.